మిర్చి గోడౌన్లో చదువు గంట

నా ఉద్యోగం ఏమిటో మా అత్తగారికి చివరిదాకా అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే, "మా కోడలు బంతులాడించే బళ్లో పంతులమ్మ" అని చెప్పేది. మొదట్లో నాకు ఒళ్లు మండేది. రిటైరయ్యాక తీరిగ్గా ఆలోచిస్తే, మా సంస్థ నున్నటి కాయితం మీద రంగుల్లో అచ్చేయించిన పుస్తకాలన్నిటికంటే ఆవిడ చెప్పిందే నిజానికి దగ్గరగా ఉంది.

ఇప్పుడు ఈ పనిలోకి చదువుకున్న పిల్లలు చాలామంది వస్తున్నారు. సోషల్ వర్కులో ఎమ్మేలు, భుజాన ల్యాప్‌టాప్ సంచులు, నోటినిండా 'మార్పు'. తీసుకురండి నాయనా, కాదన్నదెవరు? కాకపోతే చేరేముందు ఈ నాలుగు పేజీలు చదవండి. ఇందులో ప్రమోషన్ల సంగతి ఉండదు, నాకు రాలేదు గనక. రిపోర్టుల సంగతి ఉండదు, నేను రాసినవి నేనే నమ్మలేదు గనక. ఒక రూలు, ఒక సెక్రటరీ గారు, ఒక ఆడపిల్ల. నేను నేర్చుకున్నదేదైనా ఉంటే వీటి దగ్గరే నేర్చుకున్నాను.

దొరల కోర్టు

స్క్వాష్ అనగానే సీసాలో అమ్మే పళ్లరసం గుర్తొచ్చే ఊరు గుంటూరు. అలాంటి ఊళ్లో స్క్వాష్ కోర్టు ఎందుకుందంటే, పొగాకు కంపెనీ దొరలు తమ క్లబ్బులో కట్టించుకుని, కొన్నాళ్లు ఆడుకుని, వెళ్లిపోయారు. తెలియనివాళ్లకి చెబుతున్నాను: ఇద్దరు మనుషులు ఒక గదిలో దూరి తలుపేసుకుని, ఎదురుగోడకేసి చిన్న రబ్బరు బంతిని వంతులవారీగా బాదడమే ఆ ఆట. దొరలు పోయాక ఆ గదిలో క్లబ్బువాళ్లు విరిగిన కుర్చీలు పెట్టుకున్నారు.

తొంభైల చివర్లో చెన్నై నుంచి ఒక సంస్థ వచ్చి, కుర్చీలు తీయించి, గోడలకి రంగు వేయించింది. ఏదో చలిదేశంలో పేదపిల్లలకి ఈ ఆట నేర్పి, దాంతోపాటు చదువు కూడా చెబితే బాగుపడ్డారట. అక్కడ బాగుపడ్డారు గనక ఇక్కడా బాగుపడి తీరాలి. సాయంత్రం ఒక గంట చదువు, ఒక గంట ఆట. చదువు చెప్పడానికి నేను, ఆట నేర్పడానికి మస్తాన్‌వలి.

అప్పటికి నేనొక పేరున్న కాలేజీలో ఎంసెట్ పిల్లలకి లెక్కలు చెబుతుండేదాన్ని. అక్కడ ఆట అన్నమాట వినబడితే ప్రిన్సిపాల్ గారికి జ్వరం వచ్చేది. అక్కణ్ణించి పారిపోయి వచ్చానని చెప్పకుండా, పేదపిల్లల సేవ చెయ్యాలని వచ్చానని ఇంటర్వ్యూలో చెప్పాను. మీరూ అదే చెబుతారు. చెప్పండి, తప్పులేదు.

మస్తాన్ గారిది ప్రత్తిపాడు. చెన్నైలో ఒక పెద్ద క్లబ్బులో ఏళ్ల తరబడి పెద్దమనుషులకి బంతులందించి, వాళ్లకంటే బాగా ఆడడం నేర్చుకుని, అయినా వాళ్ల చేతుల్లో ఓడిపోవడం కూడా నేర్చుకుని తిరిగొచ్చిన మనిషి. చదువంటే ఆయనకి గిట్టదు. "మీ ఎక్కాలు కాస్త తగ్గించండి మేడం, పిల్లలు కోర్టులోకొచ్చేసరికి నీరసపడతన్నారు" అని రోజూ గొడవ. నీరసం ఎక్కాల వల్ల కాదు, మధ్యాహ్నం తినకపోవడం వల్ల. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. అయినా అలా పోట్లాడుకుంటూనే ఉండేవాళ్లం.

సెక్రటరీ గారి క్రమశిక్షణ

చెన్నైవాళ్లు దూరాన ఉంటారు గనక, ఇక్కడ చూసుకోవడానికి ఊళ్లో పెద్దమనిషి ఒకాయన కావాల్సి వచ్చింది. సాంబశివరావు గారు దొరికారు, సెక్రటరీ అయ్యారు. మిర్చి వ్యాపారి. యార్డు దగ్గర కమీషన్ కొట్టు, బైపాస్ వైపు పెద్ద గోడౌన్, మనసంతా సేవాభావం. నెలకోసారి వచ్చి పిల్లల్ని ఎండలో నిలబెట్టి, తాను నీడలో నిలబడి, క్రమశిక్షణ గురించి మాట్లాడేవారు.

ఆయన మనవడు చింటూ కూడా మా పిల్లల్లో ఒకడు. పేదపిల్లల పథకంలో మిర్చి వ్యాపారి మనవడు ఏమిటని అడక్కండి, నేనూ అడగలేదు. పాపం, మంచి పిల్లాడు. కోర్టులోకి దిగిన కాసేపటికే గోడకి ఆనుకుని కళ్లు మూసేవాడు. "తాతయ్య చూస్తే చెప్పండి మేడం, ఆడతా" అని నాకు అప్పజెప్పి మరీ కునుకు తీసేవాడు.

చలిదేశపు రూలు

చెన్నై నుంచి వచ్చిన రూలు ఒకటే. చదువు గంటకి రానివాళ్లకి ఆట లేదు. వరసగా మానేస్తే పేరు కూడా ఉండదు. ఎంత చక్కటి రూలో చూడండి. దాన్ని రాసినాయన ఎవరో గాని, ఆయన ఊళ్లో ఫిబ్రవరిలో మంచు కురుస్తుంది. మా ఊళ్లో మిరపకాయ కురుస్తుంది.

ఫిబ్రవరి వచ్చేసరికి చుట్టుపక్కల పల్లెల్లో కల్లాల మీద ఎండిన కాయ టిక్కీల్లో కూరుకుని గుంటూరు చేరుతుంది. మిర్చి నింపిన గోనెసంచిని ఇక్కడ టిక్కీ అంటారు. ఊరంతా తుమ్ముతుంది. ఆ కాయలకి తొడిమలు తీయాలి. తీసేది ఆడవాళ్లు, వాళ్ల పక్కన కూర్చునేది పిల్లలు. కూలి తూకాన్నిబట్టి గనక ఎన్ని చేతులుంటే అంత మేలు. మే దాకా మా పిల్లలు స్కూల్లోనూ కనబడరు, మా దగ్గరా కనబడరు.

మొదటి ఏడు రూలు తు.చ. తప్పకుండా అమలుచేశాం. ఏప్రిల్ నాటికి మా దగ్గర మిగిలింది చింటూ, ఇంకో ఇద్దరు. మస్తాన్ గారు ఖాళీ కోర్టులో తనతో తానే ఆడుకున్నారు. వానలు పడ్డాక పాత పిల్లలే తిరిగొస్తే, వాళ్లనే కొత్తగా చేర్చుకుని, ఈ ఏడు బోలెడంతమంది కొత్తపిల్లలు చేరారని చెన్నైకి రాశాం. చెన్నైవాళ్లు మెచ్చుకున్నారు. విజయం అంటే ఏమిటో నాకు తెలిసింది అప్పుడే.

రిబ్కా

రెండువేలు దాటిన కొత్తలో మా దగ్గరికొచ్చిన పిల్ల రిబ్కా. ఎనిమిదో తరగతి, ఎడమచేతివాటం. తండ్రి లేడు. తల్లి మరియమ్మ సీజన్లో తొడిమలు తీస్తుంది, సీజన్ కానప్పుడు పత్తి ఏరడానికి పల్లెలకి పోతుంది. రిబ్కా మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. మొదటిసారి రాకెట్ పట్టుకున్న రోజే మస్తాన్ గారు నా క్లాసులోకి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఈ పిల్ల బంతిని కొట్టట్లేదు మేడం. తిడతంది" అన్నారు. ఆయన మొహంలో అంత సంతోషం అంతకుముందు చూడలేదు.

నా క్లాసులోనూ అంతే. రేఖాగణితం అంటే మొండికేసేది గాని, ఒకసారి విన్నది మళ్లీ చెప్పించుకునేది కాదు. నాకు ఆ పిల్లంటే ఇష్టం. పక్షపాతం చూపకూడదని ట్రైనింగుల్లో చెబుతారు. చూపించండి. ఎవరిమీదా పక్షపాతం లేని టీచరు ఎవరికీ పనికిరాదు.

ఆ ఏడు చెన్నైవాళ్లు ఒక మంచిమాట చెప్పారు. మా పిల్లల్లో ఒకరిని, ఒక్కరినే, చెన్నైలో హాస్టలున్న బడిలో చేర్పిస్తారు. కోర్టు ఉంటుంది, తెలుగులో పాఠం చెప్పేవాళ్లుంటారు, ఎంతదాకా చదివితే అంతదాకా చదివిస్తారు. ఏప్రిల్లో వచ్చి ఎంచుకుంటారు. షరతు మీకు తెలిసిందే: చదువు గంట మానకూడదు. ఎవర్ని పంపాలన్నది మస్తాన్ గారూ నేనూ పోట్లాడుకోకుండా ఒప్పుకున్న ఒకే ఒక్క సంగతి.

ఫిబ్రవరి వచ్చింది. రిబ్కా రావడం మానేసింది.

మస్తాన్ గారి కళ్లు

ఒకనాటి సాయంత్రం కోర్టులోంచి పెద్ద కేక వినబడింది. పరిగెత్తుకెళ్లి చూస్తే మస్తాన్ గారు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని గదంతా తిరుగుతున్నారు. మూలన రిబ్కా నిలబడి ఉంది. రూలు లెక్కన ఆ పిల్ల కోర్టు గడప తొక్కకూడదు. తొడిమలు తీయడం అయిపోయాక వెనకవైపు నుంచి వస్తుంటే ఈయన రానిస్తున్నాడన్నమాట, నాకు తెలియకుండా.

"ఏం జరిగిందే?"

"సార్ నా రాకెట్ తీసుకుని చూపిస్తా కళ్లు తుడుచుకున్నాడు మేడం" అంది రిబ్కా. తొడిమలు తీసేవాళ్లు మంటకి చేతులకి కొబ్బరినూనె పూసుకుంటారు. ఆ నూనె, ఆ ఘాటు రెండూ రాకెట్ పిడికి పట్టుకున్నాయి.

నీళ్లు కొట్టి, మజ్జిగ తెప్పించి, ఆయన్ని కూర్చోబెట్టాం. కళ్లు తెరవలేకపోతూనే ఆయన అన్న మొదటిమాట: "చూశారా మేడం, ఇట్టాంటి చేతుల్తో కూడా రేకుకి తగలకుండా కొడతంది." కోర్టులో ఎదురుగోడ అడుగున ఒక రేకు ఉంటుంది, బంతి దానికి తగిలితే ఓడినట్టు. ఆయన బాధ ఆయనది.

నేను రిబ్కాని పక్కకి తీసుకెళ్లి, చదువు గంటకి ఎందుకు రావడం లేదని అడిగాను. అడిగి నాలిక్కరుచుకున్నాను.

"అమ్మ ఒక్కతే అయితే రాశి తెమలదు మేడం" అంది.

"ఎక్కడ చేస్తన్నారు?"

"బైపాస్ కాడ. మన సెక్రటరీ గారి గోడౌన్లోనే."

మన సెక్రటరీ గారి గోడౌన్లో. క్రమశిక్షణ గురించి నెలనెలా చెప్పించుకునే పిల్లలు, ఆ క్రమశిక్షణ తప్పి ఎక్కడికి పోతున్నారయ్యా అంటే, చెప్పే ఆయన దగ్గరికే పోతున్నారు. నాకు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, తర్వాత ఒక ఆలోచన వచ్చింది. చదువు గంట ఉండాలని రూల్లో ఉంది. ఎక్కడ ఉండాలో రూల్లో లేదు.

తుమ్ముల మధ్య త్రికోణాలు

మర్నాడు పగటిపూట గోడౌన్‌కి వెళ్లాను. గుమాస్తా నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "అయ్యగారి బడి టీచరమ్మ గదా, అయ్యగారు పంపారా" అన్నాడు. నేను అవునన్లేదు, కాదన్లేదు. చదువు చెప్పడానికి వచ్చానన్నాను. అయ్యగారి గొప్పమనసుకి ఆయన కరిగిపోయి, నాకొక స్టూలు వేయించాడు. అయ్యగారు సీజన్లో పొద్దంతా యార్డులో వేలం దగ్గరే ఉంటారు, గోడౌన్‌కి రారు. దేవుడున్నాడు.

లోపల కొండల్లా ఎర్రటి రాశులు. ఒక్కొక్క రాశి చుట్టూ ఆడవాళ్లు, ముక్కుకి కొంగులు. పిల్లలు తల్లుల పక్కనే. స్టూలు మీద కూర్చుంటే ఎవరికీ వినబడదు, అందుకని నేనూ గోనె పరుచుకుని కింద కూర్చున్నాను. ఊరికే కూర్చుంటే మరియమ్మ చూపు బాగాలేదు. "పాఠం నోటితోనే గదా చెప్పేది టీచరమ్మా, చేతులు ఖాళీయేగా" అని నా ముందుకి కొన్ని కాయలు తోసింది.

మిరపకాయలతో లెక్కలు నేర్పానని, రాశుల్ని చూపించి భిన్నాలు చెప్పానని రాసుకోవాలని నాకూ ఉంది. మీటింగుల్లో అలాంటివి బాగా పలుకుతాయి. అబద్ధం. బొటనవేలితో తొడిమ విరుస్తూ ఎక్కాలు, సూత్రాలు, సోషల్ జవాబులు నోటితో వల్లెవేయించాను, అంతే. త్రికోణం గీయడానికి ఎవరి చెయ్యీ ఖాళీగా లేదు, అందుకని రేఖాగణితం గాలికి పోయింది. ఒక్క వాక్యం కూడా ఎవరో ఒకరు తుమ్మకుండా పూర్తి కాలేదు. రాత్రి అన్నం కలుపుకుంటే వేళ్లు మండి ఏడుపొచ్చేది, మా ఆయన కలిపి పెట్టేవాడు.

అయినా రోజూ వెళ్లాను. రిబ్కా ఒక్కనాడూ పాఠం వదల్లేదు. తల్లి వింటున్నట్టు కనబడేది కాదు గాని, ఒకరోజు పిల్ల మధ్యలో ఆగిపోతే, "నిన్న చెప్పిందేగా, మళ్లీ మొదలెట్టు" అంది మరియమ్మ. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. నాకు ఆ రోజు చాలా సంతోషమేసింది.

ఎంపిక

ఏప్రిల్లో చెన్నై ఆఫీసు నుంచి లలిత గారు వచ్చారు. అరవం కలిసిన తెలుగు మెల్లగా, ఆచితూచి మాట్లాడతారు. క్లబ్బులో మీటింగు. లలిత గారు, సాంబశివరావు గారు, మస్తాన్ గారు, నేను.

మస్తాన్ గారు రిబ్కా పేరు చెప్పారు. సాంబశివరావు గారు ఎంతో నొచ్చుకున్నట్టు మొహం పెట్టారు.

"బంగారంలాంటి పిల్లండి, కాదన్ను. కానీ ఫిబ్రవరి నుంచి చదువు గంటకి రాలేదే. రూలు రూలే గదండి. మనమే తప్పితే పిల్లలకేం చెబుతాం? మానకుండా వచ్చినవాడు మా చింటూ ఒక్కడే. నా మనవడని చెప్పడం కాదు."

కాదు, ఎంతమాత్రం కాదు. లలిత గారు నావైపు తిరిగారు.

"రిబ్కా ఒక్క చదువు గంట కూడా మానలేదండి" అన్నాను. "రోజూ నా ఎదురుగానే కూర్చుంది."

"ఎక్కడమ్మా టీచరు గారూ? నేను ఒక్కసారీ చూళ్లేదే" అన్నారు సెక్రటరీ గారు.

"మీ గోడౌన్లోనండి."

మస్తాన్ గారు పైన తిరిగే ఫ్యాన్ వైపు చూడడం మొదలుపెట్టారు. లలిత గారు కళ్లజోడు తీసి, సాంబశివరావు గారిని అడిగారు: "మీ గోడౌన్లో పిల్లలు ఏం చేస్తున్నారండి?"

ఆ క్షణాన ఆయన మొహం మీరు చూడాల్సింది. పనిచేస్తున్నారంటే, పిల్లల్ని పనిలో పెట్టుకున్న మనిషి పిల్లల సంస్థకి సెక్రటరీ. చదువుకుంటున్నారంటే, రిబ్కా చదువు గంట మాననట్టు. మధ్యలో ఇంకో జవాబు కోసం ఆయన చాలాసేపు వెతికారు. నావైపు చూశారు. నేను సాయపడలేదు.

"చదువుకుంటన్నారండి" అన్నారు చివరికి. "ఎండలు గదా. గోడౌన్ నీడగా ఉంటదని నేనే..."

"మంచిపని. చూద్దాం పదండి" అన్నారు లలిత గారు.

టీ చెప్పివస్తానని ఆయన బయటికి వెళ్లారు. టీ రాలేదు. గుమాస్తాకి ఫోను వెళ్లింది.

మేం చేరేసరికి రాశులన్నిటి మీదా టార్పాలిన్లు కప్పి ఉన్నాయి. తల్లుల్ని వెనక దొడ్లోకి పంపేశారు. పిల్లలందరూ చేతులు కట్టుకుని వరసగా కూర్చుని ఉన్నారు. అంత క్రమశిక్షణ నేనెప్పుడూ చూడలేదు. గుమాస్తా స్టూలు మీద ఒక తువ్వాలు కూడా పరిచాడు.

లలిత గారు రెండుసార్లు తుమ్మి, "రిబ్కా ఎవరు?" అని అడిగారు. రిబ్కా లేచింది. ఏదైనా చదివింది చెప్పమన్నారు. ఆ పిల్ల బీజగణితం సూత్రాలు మొదలుపెట్టింది. గడగడా చెబుతోంది. చెబుతూ చెబుతూ, కట్టుకున్న చేతులు విప్పేసింది. ఎడమచెయ్యి గాల్లో ఏదో అందుకుంటోంది, బొటనవేలు విరుస్తోంది, పక్కన పడేస్తోంది. మళ్లీ అందుకుంటోంది. ఒక్కొక్క పదానికి ఒక్కొక్క తొడిమ. ఆ పిల్లకి తెలియదు. ఆ చదువు ఆ వేళ్లతో కలిసే లోపలికి వెళ్లింది, బయటికి రావాలన్నా వాటితో కలిసే వస్తుంది.

మిగతావాళ్లని కూడా చెప్పమన్నారు లలిత గారు, గొంతు మార్చకుండా. వరసంతా ఎక్కాలు అందుకుంది. వరసంతా వేళ్లు కదిలాయి.

నేను తలదించుకున్నాను. గెలవడం చూద్దామని వచ్చినదాన్ని, ఆ చేతులు చూసి ఏడుపు ఆపుకోలేకపోయాను. కాయ ఘాటు అనుకుని గుమాస్తా నీళ్లు తెచ్చిచ్చాడు.

బయటికి వచ్చి కారెక్కాక లలిత గారు అన్నది కొంచెమే. "ఆ పిల్లని జూన్లో పంపండి. సాంబశివరావు గారూ, వచ్చే సీజన్లో ఇక్కడ చదువు గంట వద్దు. పిల్లలూ వద్దు." ఆయన చేతులు జోడించారు.

ఆ తర్వాత

మాట నిలబెట్టుకున్నారాయన. మరుసటేడు గోడౌన్ గుమ్మానికి బాలకార్మికులు లేరని బోర్డు పెట్టించి, దాని కింద నిలబడి ఫొటో దిగారు. ఏదో సంఘంవాళ్లు శాలువా కప్పారు. పిల్లలు అవతలి గోడౌన్లకి పోయారు, అక్కడ బోర్డూ లేదు, టీచరూ లేదు. కొంతమంది సీజనంతా పల్లెల్లోనే ఉండిపోయారు. మంచిపని చేస్తే ఏమవుతుందో మీకు తెలియాలని చెబుతున్నాను. మానెయ్యమని కాదు. చేశాక ఆ పిల్లలు ఎటు పోయారో వెళ్లి చూడమని చెబుతున్నాను. మేం చూసేసరికి ఆలస్యమైంది. చింటూ మాత్రం హాస్టలు తప్పిందని నాకు చాక్లెట్ ఇచ్చాడు.

మరియమ్మని ఒప్పించడం కష్టమవుతుందనుకున్నాను. ఆవిడ రెండే అడిగింది. "తిండి పెడతారా? కొడతారా?" పెడతారని, కొట్టరని చెప్పాను. "అది పోతే నా రాశి తెమలదు టీచరమ్మా" అంది. నేనేదో చెప్పబోతుంటే, "తెమలకపోతే పోనీ. తీసకపోండి" అని లేచి వెళ్లిపోయింది.

జూన్లో నేనే దిగబెట్టడానికి వెళ్లాను. తెనాలిలో రైలెక్కాం. మస్తాన్ గారు స్టేషన్‌కి వచ్చి, తన పాత రాకెట్‌కి కొత్త పట్టీ చుట్టించి ఇచ్చి, నాకు చెప్పకుండానే వెళ్లిపోయారు. ఆయన కళ్లు మళ్లీ ఎర్రగా ఉన్నాయి. ఈసారి మిరపకాయలు లేవు.

సింగరాయకొండలో బండి ఆగితే రిబ్కాకి జామకాయలు కొనిపెట్టాను. తినకుండా ఒళ్లో పెట్టుకుంది.

"భయమేస్తందా?" అని అడిగాను.

తల అడ్డంగా ఊపింది.

"మేడం, అక్కడ మార్చిలో కూడా బడికి పోనిస్తారంటగా?"

"పోనిస్తారే."

"నెలంతానా?"

"నెలంతా."

రిబ్కా కిటికీ వైపు తిరిగి, పెదాలు కదిలించుకుంటూ సూత్రాలు చదువుకోవడం మొదలుపెట్టింది. ఒళ్లో జామకాయల పక్కన ఆ పిల్ల వేళ్లు తొడిమలు తీస్తూనే ఉన్నాయి.